కింది పలక

సెప్టెంబర్ 17, బుధవారం

శశికాంత్ కూతురు భవిత మెసేజ్ పెట్టింది. పుణె నుంచి వచ్చి సియాటిల్‌లో కాలేజీలో చేరిందట. పదమూడేళ్ల పిల్లగా ఇక్కణ్ణుంచి వెళ్లింది, ఇప్పుడు పంతొమ్మిది. "అంకుల్, నాన్న గిటార్ ఆంప్ మీ దగ్గరే ఉందని అమ్మ చెప్పింది. ఇంకా ఉందా? నాకు కావాలి."

ఉంది, బాగానే ఉంది, వచ్చి తీసుకెళ్లు అని రాశాను. రాశాక వెళ్లి చూశాను.

ఇంటి వెనక చెక్క డెక్ కింద నీలం టార్పాలిన్, దాని కింద గిటార్ మోత పెంచే ఆ పెట్టె. టార్పాలిన్ ఎప్పుడు చిరిగిందో నేను చూడలేదు. మా రెడ్‌మండ్ ఊరి వాన ఆరేళ్లుగా లోపలికి దిగుతూనే ఉంది. పైపిడి పట్టుకుంటే ఊడి చేతిలోకి వచ్చింది. ముందున్న మెరుపు రేకంతా తుప్పు పొరలు. స్పీకర్ గుడ్డ మీద గుల్ల లేని నత్త ఒకటి తీరుబడిగా నడుస్తోంది.

బాగానే ఉంది అని ఎందుకు రాశానో నాకే తెలియదు. శశి పోయి అయిదున్నర ఏళ్లు.

సెప్టెంబర్ 18

గరాజ్‌లోకి మోసుకొచ్చాను. నడుం పట్టేసింది. మా ఆవిడ విద్య టీ తెచ్చి కాసేపు చూస్తూ నిలబడింది.

"గరాజ్‌లో ఇంత చోటుండగా దీన్ని బయటెందుకు పెట్టావు చక్రీ?"

"అప్పుడు లేదు."

ఆవిడ గరాజంతా ఒకసారి చూసి, ఖాళీ కప్పు తీసుకుని వెళ్లిపోయింది.

సెప్టెంబర్ 20, శనివారం

పని మొదలుపెట్టాను. ఆగస్టులో మా టీమ్ మొత్తాన్ని తీసేశారు కాబట్టి నాకు తీరికకి లోటు లేదు. వీసా మీదున్న శశికి ఇలాంటిది జరిగుంటే, ఇంకో ఉద్యోగం దొరక్కపోతే దేశం వదలాల్సిన అరవై రోజులు వేళ్ల మీద లెక్కపెట్టుకోవాల్సి వచ్చేది. నాకు గ్రీన్‌కార్డ్ ఉంది. ఎవరూ నన్ను పొమ్మనరు.

ఇక్కడివాళ్లు ట్యూబ్ అంటారు గానీ, తెనాలిలో మా కేశవరావు మామయ్య రేడియో షాపులో మేం వాల్వ్ అనేవాళ్లం. పదో తరగతి నుంచి సెలవులన్నీ ఆ షాపులోనే గడిపాను. ఈ డబ్బా అరవై ఏళ్ల నాటిది. శశి ఏదో ఇంటి ముందు పాత సామాన్లు అమ్ముతుంటే కొన్నాడు. పై భాగంలో ఇనప తట్ట, దాని మీద వాల్వులు. కింద స్పీకర్. వెనక రెండు చెక్క పలకలు, వాటి మధ్య జానెడు ఖాళీ.

పై పలక స్క్రూలు నాలుగూ తుప్పులో కలిసిపోయాయి. నూనె పోసి, రెండు గంటలు ఆగి, ఒక్కొక్కటీ బతిమాలి తీశాను. ఇనప తట్ట బయటికి వచ్చింది. కండెన్సర్లు ఉబ్బిపోయాయి. ట్రాన్స్‌ఫార్మర్లు రెండూ బతికే ఉన్నాయని మీటర్ చెప్పింది. గట్టి పిండాలు.

కింది పలక ఇప్పుడే తియ్యక్కర్లేదు. స్పీకర్ బాగానే ఉన్నట్టుంది.

సెప్టెంబర్ 23

కింది పలక ఇంకా తియ్యలేదు. అవసరం లేదు.

సెప్టెంబర్ 27, శనివారం

పొద్దుట్నుంచీ తుప్పు గీకుతున్నాను. మొదట వెనిగర్, తర్వాత స్టీల్ పీచు, తర్వాత మళ్లీ వెనిగర్. గోళ్ల సందుల్లోకి ఎర్రగా దిగింది, సబ్బుకి పోవడం లేదు.

శనివారాలు శశి ఇక్కడికే వచ్చేవాడు. వాళ్ల అపార్ట్‌మెంట్‌లో వాయిస్తే పైవాళ్లు నేల తన్నేవారట. అందుకని ఆంప్ మా గరాజ్‌లోనే ఉండేది. వాడు వాయిస్తుంటే నేను కుర్చీలో కూర్చుని ఏదో ఒకటి విప్పి బిగించేవాణ్ణి. వాడు గొప్పగా వాయించేవాడు కాదు. అయినా ఆ రెండు గంటలూ వాడి మొహం చూడాలి.

వాడి ఉత్తరాలు కూడా మా ఇంటికే వచ్చేవి. 2012లో గ్రీన్‌కార్డ్‌కి అప్లై చేసినప్పుడు వాళ్లు ఇల్లు మారుతున్నారు. నేను అప్పుడే ఈ ఇల్లు కొన్నాను. "నీ అడ్రస్ ఇస్త రా, నువ్వెటూ కదలవు" అన్నాడు వరంగల్ యాసలో. తర్వాత లాయర్‌ని కూడా మానేశాడు. అప్పట్నుంచి ప్రభుత్వం ఏది పంపినా నా మెయిల్‌బాక్సులో పడేది, నేను శనివారం వాడికిచ్చేవాణ్ణి.

ఎప్పుడూ ఇచ్చేవాణ్ణి.

అక్టోబర్ 2, గురువారం

దసరా. విద్య రెండు కార్లకీ, వాషింగ్ మెషీన్‌కీ, నా స్క్రూడ్రైవర్లకీ బొట్లు పెట్టింది. ఆయుధపూజ అంటే ఆవిడకి ఏ యంత్రమూ మిగలకూడదు. ఆంప్ దగ్గరికి వచ్చి వంగి ఆగిపోయింది.

"దీనికి ముందే బొట్టుంది."

శశి పెట్టింది. కొన్న ఏడాది దసరాకి, స్విచ్ పక్కన. నేను అదంతా తుప్పే అనుకుని రోజూ గీకుతున్నాను. చెక్క మీద ఇంకా కొంచెం మిగిలింది. విద్య దాని పక్కనే కొత్త బొట్టు పెట్టింది. నేను లేచి చెయ్యి కడుక్కోవడానికి వెళ్లి చాలాసేపు కుళాయి దగ్గరే నిలబడ్డాను.

అక్టోబర్ 6, సోమవారం

కొత్త కండెన్సర్లు వేశాను. వాల్వులు పాతవే, మూడు పనిచేస్తాయి, ఒకటి మార్చాను. మామయ్య పద్ధతిలోనే మొదటిసారి బల్బు మీదుగా కరెంట్ ఇచ్చాను. లోపల షార్ట్ ఉంటే బల్బు భగ్గున వెలుగుతుంది, లేకపోతే సన్నగా. ఎడమ చెయ్యి జేబులో పెట్టుకున్నాను. అదీ మామయ్య నేర్పిందే, షాక్ కొడితే గుండె మీదుగా పోకూడదని.

బల్బు సన్నగా వెలిగింది. వాల్వుల్లో ఎర్రదనం వచ్చింది. హుమ్మని ఒక శబ్దం.

దాని వెనక ఒక మనిషి గొంతు.

గిటార్ లేదు. వైరు లేదు. ఏమీ తగిలించలేదు. దుప్పటి ముసుగులోంచి మాట్లాడుతున్నట్టు మగ గొంతు, మాటలు తెలియడం లేదు, కానీ ప్రతి వాక్యం చివరా పైకి లేస్తోంది, ఏదో అడుగుతున్నట్టు. స్విచ్ ఆపేశాను.

అక్టోబర్ 7

రేడియో అది. నాకు తెలుసు. గిటార్ వైరు గుచ్చే జాక్ తుప్పు పడితే దగ్గర్లోని స్టేషన్‌ని పట్టేస్తుంది. మామయ్య షాపులో ఒక గుడి మైకు సెట్టు ఇలాగే క్రికెట్ కామెంటరీ చెప్పింది, జనం నవ్వుకున్నారు. జాక్ మారిస్తే పోతుంది. పది నిమిషాల పని. కొత్త జాక్ డ్రాయర్‌లో ఉంది.

ఈరోజు గంటసేపు విన్నాను. మధ్యలో నవ్వాడు. శశి అలాగే నవ్వేవాడు, ముందు ఊపిరి బిగబట్టి.

అక్టోబర్ 8

ఈరోజు కూడా.

అక్టోబర్ 9

విద్య తలుపు తీసి, "ఎవరితో మాట్లాడుతున్నావు?" అంది. నేను మాట్లాడుతున్నానని నాకు తెలియలేదు.

"రేడియో అది" అన్నాను. ఆవిడ చెవి ఒగ్గింది.

"పరుపుల ప్రకటన. సగం ధరకి ఇస్తారట" అని వెళ్లిపోయింది.

జాక్ రేపు మారుస్తాను.

అక్టోబర్ 12, ఆదివారం

భవిత ఫోన్ చేసింది. నవంబర్ ఒకటిన వస్తానంది. మాటల మధ్యలో నేనే, అడక్కూడనిది, మీ నాన్న పుణెలో వాయించేవాడా అని అడిగాను.

"లేదు అంకుల్. నాన్న ఎప్పుడూ వెతుకుతూనే ఉండేవాడు."

"ఏం వెతికేవాడు?"

"ఆ లెటర్. గ్రీన్‌కార్డ్‌ది. మీరిచ్చారు కదా, నాన్న ఎక్కడో పెట్టి మర్చిపోయాడు. ఇండియా వెళ్లాక కూడా సండే వస్తే బాక్సెస్ అన్నీ ఓపెన్ చేసేవాడు. పుస్తకాలు ఒక్కొక్కటే దులిపేవాడు. దొరికినా ఇంక యూజ్ లేదు అని అమ్మ అరిచేది. చనిపోయే ముందు రోజు కూడా వెతికాడు." కాస్త ఆగి, "అమ్మ ఇప్పటికీ నాన్న ఫొటో బయట పెట్టదు అంకుల్. ఆ మనిషి అజాగ్రత్త వల్లే మన లైఫ్ ఇలా అయింది అంటుంది. నేనూ అదే అనుకుంటాను, ఒక్కోసారి. కొంచెం బ్యాడ్‌గా అనిపిస్తుంది కానీ..."

నేను ఏమన్నానో గుర్తులేదు. చలి పెరిగింది, స్వెటర్లు కొనుక్కో అన్నట్టున్నాను.

అక్టోబర్ 13

రాస్తాను. ఇది నేను తప్ప ఎవరూ చదవరు.

ఉత్తరం వచ్చింది 2018 నవంబర్‌లో. కొత్త మెడికల్ రిపోర్ట్ పంపమని అడుగుతూ వచ్చే ఉత్తరం అది, మా ఆఫీసులో ఇద్దరు ముగ్గురికి వచ్చింది. జవాబివ్వడానికి మూడు నెలలు కూడా ఉండవు. ప్రభుత్వ కవరు చూసి ముఖ్యమైనదే అనుకుని, మర్చిపోకూడదని దాని మీద పెన్నుతో రాశాను. వాడి ఉత్తరాలు ఆంప్ వెనక రెండు పలకల మధ్య ఖాళీలో పెట్టడం నా అలవాటు. వాడు గిటార్ వైరు అక్కడే దాచేవాడు, వైరు తీసేటప్పుడు ఉత్తరాలు చేతికి తగులుతాయి. ఆ శనివారం వాడు రాలేదు, భవితకి జ్వరం. తర్వాతి శనివారం మిగతా ఉత్తరాలన్నీ చేతికిచ్చాను. ఇది కింది పలక వెనక్కి జారిపోయినట్టుంది.

కొన్నాళ్లకి వాడు ఫోన్ చేశాడు. ఆరోజు ఇంట్లోంచే పని, మీటింగ్‌లో ఉన్నాను. "ఆన్‌లైన్‌ల చూస్తే లెటర్ పంపినం అని ఉన్నది రా. నీకు వచ్చిందా?"

"ఇచ్చాను కదరా, అన్నిటితో పాటు."

ఇక్కడిదాకా తప్పు లేదు. ఇచ్చాననే అనుకున్నాను. కానీ లేచి ఒకసారి చూడలేదు. గరాజ్‌లోకి పది అడుగులు.

"అట్లనా" అన్నాడు. "అయితే నేనే యాడనో పెట్టిన్నేమో. నా బుర్ర సంగతి నీకు తెల్వదా."

ఇంట్లోనే ఉందని నమ్మాడు కాబట్టి ఇల్లంతా వెతుకుతూ కూర్చున్నాడు. ఇంకో కాపీ అడుగుదామనుకునేసరికి గడువు దాటింది. జవాబు లేదని గ్రీన్‌కార్డ్ కేసు మూసేశారు, ఇక్కడ ఉండే వీలు పోయింది. 2019 జూన్‌లో ముగ్గురూ వెళ్లిపోయారు. ఎయిర్‌పోర్ట్‌లో శశి భార్య నమ్రత ఏడుస్తూ, "మీరు ఇచ్చారుగా అన్నయ్యా, ఈయనే పారేశారు" అంది. నేను తలూపాను.

ఆ ఏడాది ఆగస్టులో గరాజ్ ఊడుస్తూ ఆంప్ జరిపాను. లోపల కాగితం అంచు కనబడింది. ఫోన్ లైటు వేసి చూశాను. నా చేతిరాత.

అప్పుడు శశి బతికే ఉన్నాడు. ఇంకా ఆరు నెలలు బతికాడు. చెప్పినా కేసు తిరిగి రాదు కదా, ఎందుకు బాధపెట్టడం అనుకున్నాను. అనుకుని, కవరు కూడా తియ్యకుండా, ఆంప్‌ని ఈడ్చుకెళ్లి డెక్ కింద పెట్టి టార్పాలిన్ కప్పాను.

చెప్పుంటే కేసు తిరిగొచ్చేది కాదు. వాడు వెతకడం మానేసేవాడు.

అక్టోబర్ 15

విన్నాను. వర్షం వచ్చినప్పుడు స్టేషన్ ఇంకా బాగా పడుతుంది.

అక్టోబర్ 19, ఆదివారం

జాక్ మార్చాను. పది నిమిషాలు కూడా పట్టలేదు. స్విచ్ వేస్తే హుమ్మనే శబ్దం తప్ప ఇంకేమీ లేదు. వాల్యూమ్ చివరిదాకా తిప్పాను. చెవి స్పీకర్ గుడ్డకి ఆనించాను. ఎవరూ లేరు. పీడ వదిలిందనుకోవాలి. వదల్లేదు, ఇంతకుముందు కనీసం గొంతయినా ఉండేది.

సాయంత్రం కింది పలక తీశాను. కవరు అడుగు చెక్కకి అతుక్కుపోయింది. కత్తి అంచుతో మెల్లగా లేపాను. తుప్పు నీళ్లు కారి దాని మీద గుండ్రంగా మరక కట్టింది. శశి పేరు చదవడానికి వస్తోంది. పెన్ను రాత కూడా. కవరు ఇంకా అంటించే ఉంది, ఎవరూ చింపలేదు.

ఇంట్లో ఫైర్‌ప్లేస్ మంట వెలుగుతోంది. విద్య కూరలు తేవడానికి వెళ్లింది. కవరు పట్టుకుని దాని ముందు కూర్చున్నాను. కారు చప్పుడు వినబడేదాకా కూర్చున్నాను.

తర్వాత వెళ్లి, ఎక్కడ దొరికిందో అక్కడే పెట్టి, పలక బిగించేశాను. ఎప్పటికైనా ఆ పిల్ల విప్పితే దొరుకుతుంది. అప్పటికి నేనుంటానో ఉండనో. దీన్ని చెప్పడం అంటారా అంటే, అనరు. నాకు తెలుసు.

అక్టోబర్ 26

పిడి కొత్తది వేశాను. గుడ్డ మార్చాను. రేకు మీద తుప్పు మచ్చలు పూర్తిగా పోలేదు, పోవు. శశి బొట్టు జోలికి వెళ్లలేదు. విద్య చూసి, "కొత్తదానిలా ఉంది" అంది.

నవంబర్ 1, శనివారం

పదింటికి వచ్చింది. స్నేహితురాలి కారు అడిగి తెచ్చుకుంది, వీపున గిటార్. తలుపు తీశాను. నిలబడే తీరు అచ్చం వాడే, బరువంతా ఒక కాలి మీద.

విద్య ఆఫీసు పని మీద పోర్ట్‌లాండ్ వెళ్లింది. ఇంట్లో నేనొక్కణ్ణే. కాఫీ అన్నాను, వద్దంది. తిన్నగా గరాజ్‌కి వెళ్లి ఆంప్ ముందు మోకాళ్ల మీద కూర్చుంది. బొట్టు మీద వేలు పెట్టి, "ఇది నాన్న పెట్టాడు, ఐ రిమెంబర్" అంది. వైరు గుచ్చి వాయించింది.

వాడి కన్నా బాగా వాయిస్తుంది. ఆ డబ్బాలోంచి అంత నిండైన శబ్దం వస్తుందని నేనే అనుకోలేదు. ఆరు వారాల పని, ఎక్కడా గురగుర లేదు. ఒక్క క్షణం గర్వపడ్డాను కూడా.

లావు తీగ మీటింది. బర్ర్‌మంది.

మళ్లీ మీటింది. మళ్లీ బర్ర్‌మంది.

"అంకుల్, లో నోట్ కొడితే ఏదో బజ్ అవుతోంది. లోపల పేపర్ లాంటిది కొట్టుకుంటున్నట్టు."

"స్పీకర్ పాతది కదమ్మా" అన్నాను.

వినిపించుకోలేదు. వెనక్కి వెళ్లి ఫోన్ లైటు వేసి, పలకల మధ్య ఖాళీలో చెయ్యి దూర్చింది. సన్న చెయ్యి, మోచేతిదాకా వెళ్లింది. కవరు బయటికి తీసింది.

చాలాసేపు చూసింది. "ఇది నాన్న పేరు." తర్వాత, "టూ థౌజండ్ ఎయిటీన్." తర్వాత తలెత్తి, "ఇది ఆ లెటరేనా?"

"అవును."

"ఓపెన్ కూడా చెయ్యలేదు." అంటించిన అంచు వేలితో తడిమింది. "అంటే నాన్నే ఇక్కడ పెట్టి మర్చిపోయాడు. ఇండియా అంతా వెతికాడు, ఇదేమో ఇక్కడే ఉంది. అంతే కదా అంకుల్?"

నేను ఔనని తలూపితే చాలు. ఎయిర్‌పోర్ట్‌లో ఊపినట్టు. నోరు కూడా తెరవక్కర్లేదు, ఆ పిల్లే మొత్తం చెప్పేసింది.

కవరు లైటు కిందికి తిప్పింది. "ఇక్కడ తెలుగులో ఏదో రాసుంది. నాకు చదవడం రాదు, పుణెలో హిందీ, మరాఠీయే. ఏం రాసుంది?"

కవరు నా చేతికిచ్చింది.

అందులో ఏం రాసుందని చెప్పినా నమ్ముతుంది. వాడి రాతే అనొచ్చు. పాల లెక్క అనొచ్చు. ఆ కాగితం పట్టుకున్న నా వేళ్లు చూశాను. గోళ్ల సందుల్లో తుప్పు ఇంకా పోలేదు.

"శశికి శనివారం ఇవ్వాలి" అని చదివాను.

"ఎవరు రాశారు?"

"నేను. నేను ఇవ్వలేదమ్మా. ఇచ్చానని చెప్పాను. మీరు వెళ్లాక రెండు నెలలకి ఇందులో చూశాను. అప్పుడు కూడా మీ నాన్నకి చెప్పలేదు."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఆంప్ ఇంకా వెలుగుతోంది, గిటార్ దానికి ఆనించి ఉంది, సన్నగా మోగుతోంది. లేచి స్విచ్ ఆపింది. ఫోన్ తీసి నంబర్ నొక్కి, స్పీకర్‌లో పెట్టి, ఆంప్ మీద పెట్టింది.

"అమ్మకి మీరే చెప్పండి."

పుణెలో రాత్రి పదకొండు దాటుంటుంది. "భవీ, వెళ్లావా? ఆ డబ్బా ఉందా?" అంది నమ్రత. ఆరేళ్ల తర్వాత ఆ గొంతు ఆంప్‌లోంచే వస్తున్నట్టు ఉంది.

"నేను, చక్రపాణిని" అన్నాను. అంతా చెప్పాను. తిన్నగా చెప్పలేదు, రెండుసార్లు వెనక్కి వెళ్లాను. చూడకుండానే ఇచ్చానన్నానని చెప్పాను. ఆగస్టు సంగతి చెప్పాను.

అటువైపు ఫ్యాను చప్పుడు ఒకటే వినబడుతోంది.

"నేను రోజూ తిట్టాను ఆయన్ని" అంది నమ్రత. "పోయాక కూడా తిడుతూనే ఉన్నాను అన్నయ్యా. ఆయన ఒక్కసారి కూడా 'నేను కాదు' అనలేదు. 'నేనే పారేసిన' అనేవారు."

ఆ 'అన్నయ్యా' అలవాటు కొద్దీ వచ్చిందేమో. మళ్లీ అనలేదు.

"ఫొటో బీరువాలో బట్టల కింద ఉంది" అంది, నాతో కాదు. "భవీ, నేను మళ్లీ చేస్తాను." పెట్టేసింది.

ఆంప్ ఒక్కతే ఎత్తలేదు. చెరోవైపు పట్టుకుని కారు దాకా మోశాం. బొట్టున్న వైపు ఆ పిల్ల పట్టుకుంది. కవరు జాకెట్ లోపలి జేబులో పెట్టుకుంది.

నవంబర్ 3, సోమవారం

భవిత నుంచి ఒక ఫొటో వచ్చింది. పుణె ఇల్లు. గోడ మీద కొత్త మేకుకి శశి. ఒళ్లో గిటార్, వెనక మా గరాజ్, ఒక మూల నా కుర్చీ కాలు. మేకు కొట్టినప్పుడు రాలిన సున్నం కింద గచ్చు మీద ఇంకా తుడవలేదు. ఫొటోతో పాటు ఒక్క మాట కూడా లేదు. నాకు రాయడానికి ఏముంటుంది.

విద్య భుజం మీదుగా చూసింది. "శశి కదూ. ఎవరు పంపారు?"

కూర్చోమన్నాను. ఆంప్ బయట పెట్టిన రోజు కూడా గరాజ్‌లో చోటుందని చెప్పాను. అక్కణ్ణుంచి మొదలుపెట్టాను.